శనివారం టేపు

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు అక్షరాలు వచ్చేవి కావు. పని మానేశాక, యాభై రెండో ఏట, మా గోపన్‌పల్లిలో లేచిన అపార్టుమెంట్ల సెల్లారులో వాచ్‌మన్ల పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే టీచరమ్మ దగ్గర వెనక వరసలో కూర్చుని నేర్చుకున్నాను. అచ్చులూ హల్లులూ రెండు నెలల్లో వచ్చాయి. ఒత్తులు రావడానికి ఏడాది పట్టింది. ఒక పేజీ తప్పుల్లేకుండా రాయడానికి ఇంకో మూడేళ్ళు. ఆ తర్వాత మా ఊరి గురించి రాశాను, మా అత్త గురించి రాశాను. దీని దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగేది. ఇందులో నేను చేసిన తప్పు ఉంది. దాని కింద నేను ఆడిన అబద్ధం ఉంది.

మాదాపూరు, గచ్చిబౌలి వైపు అద్దాల బిల్డింగుల్లో పనిచేసే పిల్లలు దీన్ని చదువుతారని రాస్తున్నాను. మీ కంప్యూటరు మాటలు నాకు సొంతంగా తెలిసినవి కావు. నేను పనిచేసిన ఆఫీసులోని సిస్టమ్స్ సారు తర్వాత ఎన్నోసార్లు విడమరిచి చెప్పగా నా బుర్రకు ఎక్కినంత రాస్తున్నాను. తప్పులుంటే నావి.

తొంభైల చివర. మాదాపూరులో ఆ పెద్ద గుండ్రటి బిల్డింగు కొత్తగా తెరిచిన రోజులు. చుట్టూ ఇంకా బండలే. మధ్యాహ్నం పూట బండలు పేల్చే చప్పుడుకు మా ఆఫీసు కిటికీలు దడదడలాడేవి. మాది ఆ పెద్ద బిల్డింగులో కాదు. దానికి కొంచెం దూరంలో ఒక మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని నడిపే చిన్న కంపెనీ. నలభై మంది దాకా ప్రోగ్రాములు రాసే పిల్లలు, ఒక మేనేజరు గారు, మిషన్లన్నీ చూసుకునే సిస్టమ్స్ సారు, కింద ఒక వాచ్‌మన్. నేను ఊడ్చడం, తుడవడం, మంచినీళ్ళు పెట్టడానికి చేరాను.

చేరేటప్పుడే అబద్ధం పడింది. లోపల పనిచేసేవాళ్ళు కనీసం ఏడో తరగతి చదివి ఉండాలని కంపెనీ నియమం. పనికి కుదిర్చిన కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా ఫారం నింపుతూ, "ఏడు అని రాస్తున్నా" అన్నాడు. నేను ఊరుకున్నాను. సంతకం మాత్రం వచ్చు. మా ఆయన కాగితం మీద రాసి ఇచ్చిన నా పేరును ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. ఏ గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో తెలుసు. ఏ గీత ఏ అక్షరమో తెలియదు.

మొదటి అంతస్తులో మిషను గది ఉండేది. ఏసీ ఎప్పుడూ ఆగని గది అదొక్కటే. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. అందులో సర్వరు, అంటే నలభై మంది రాసిందంతా దాచుకునే పెద్ద మిషను. దుమ్ము పడకూడదని రోజుకు రెండుసార్లు నేనే తుడిచేదాన్ని. నా చెయ్యి నెమ్మదని నచ్చి, ఏడాది తిరిగేసరికి సిస్టమ్స్ సారు నాకు టేపుల పని అప్పజెప్పాడు. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దగా ఉండే టేపులు. సాయంత్రం ఆరింటికి ఆ రోజు టేపును మిషనులో పెట్టి వెళ్ళాలి. ఆ రోజు మారిన ఫైళ్ళన్నిటికీ రాత్రి మిషను తనంతట తానే దాని మీద కాపీ రాసుకుంటుంది. పొద్దున దాన్ని తీసి అరలో పెట్టాలి. వారానికి ఆరు టేపులు, ఆరు చీటీలు. జీతం కొంచెం పెరిగింది.

చీటీల మీద ఏ రోజు పేరు ఉందో నాకు తెలియదు కాబట్టి, మొదటి వారం ఆయన చేతికిచ్చిన వరస ప్రకారం ఒక్కో టేపుకు ఒక్కో రంగు స్టిక్కరు బొట్టు అంటించాను. సోమవారానికి ఎరుపు, శనివారానికి మెరూన్, అట్లా. ప్రోగ్రాములు రాసే పిల్లలు చూసి, టేపులకు పేరంటం చేస్తున్నావా అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఎవరైనా కాగితం ఇచ్చి ఇదేంటో చూడమంటే, "చేతులు తడిగున్నయి, జర నువ్వే చదివిపెట్టు బిడ్డా" అనేదాన్ని. ఊడ్చి తుడిచే మనిషికి చేతులు తడిగా లేని సమయం ఉండదు. ఎవరూ అనుమానించలేదు.

సిస్టమ్స్ సారుకు అప్పుడు ఇరవై ఆరో ఇరవై ఏడో. కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో అన్నావదినల దగ్గర ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు, మీరు అనేవాడు. ఆ ఆఫీసులో నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆయనే.

నేను టేపుల పనిలోకి వచ్చి రెండేళ్ళయిన ఎండాకాలంలో ఆయన మీద ఒక పని పడింది. కంపైలరు అని ఒకటి ఉంటుంది, మనుషులు రాసిన ప్రోగ్రామును మిషనుకు అర్థమయ్యేలా మార్చే పనిముట్టు. కొత్తగా వచ్చిన ఒక గిరాకీ కంపెనీవాళ్ళు, మా ప్రోగ్రాములు కొత్త కంపైలరుతో చేసిస్తేనే తీసుకుంటామన్నారు. ఆ కొత్త కంపైలరు నడవాలంటే దాని కింద కొత్త లైబ్రరీ కావాలి. లైబ్రరీ అంటే మిషనులోని ప్రోగ్రాములన్నీ కలిసి వాడుకునే ఉమ్మడి సరంజామా. పాత గిరాకీల ప్రోగ్రాములేమో పాత లైబ్రరీ మీదే నడుస్తాయి. ఇంకో సర్వరు కొనేది లేదన్నారు మేనేజరు గారు. అందుకని మిగతాదంతా పాతదే ఉంచి, ఆ రెండింటిని మాత్రమే మార్చాలి.

"సగం ఇల్లు కూలుస్తూ మిగతా సగంలో కాపురం ఉండాలక్కా" అన్నాడు నాతో టీ తాగుతూ. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ నెలంతా ఆయన టిఫిన్ డబ్బా సగం నిండుగానే వెనక్కి వెళ్ళేది.

ఆదివారాలు పెట్టుకున్నాడు, ఆఫీసులో ఎవరూ ఉండరని. తలుపులు తీయడానికీ, గది చూసుకోవడానికీ నన్ను రమ్మన్నాడు. మొదటి ఆదివారం కొత్త కంపైలరును పాతదాని జోలికి పోకుండా వేరే ఫోల్డరులో పెట్టాడు. ఏ గొడవా లేదు. రెండో ఆదివారం దాన్ని చిన్న చిన్న ప్రోగ్రాముల మీద పరీక్షించాడు. మూడో ఆదివారం లైబ్రరీ వంతు. దాన్ని కూడా అట్లాగే పక్కన వేరే చోట పెట్టి, కొత్త కంపైలరును మాత్రం అక్కడ చూడమని చెప్పాలన్నది ఆయన ఆలోచన. పాతవాళ్ళు పాతదానితో, కొత్తవాళ్ళు కొత్తదానితో.

అంతకు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, ఎందుకైనా మంచిదని మిషను మొత్తానికి పూర్తి కాపీ ఒక టేపు మీద తీసుకున్నాడు. రోజూ తీసేది ఆ రోజు మారినవాటికే. మొత్తం కాపీ అంతకు ముందు తీసింది రెండు నెలల కిందట. కొత్త టేపు ఇంకా కొనలేదని అరలో ఉన్న వాటిలో ఒకటి తీసుకుని వాడాడు. దాని మీద ఎర్ర ఇంకుతో చీటీ రాసి అంటించి, అరలో దాని చోట్లోనే పెట్టి కూకట్‌పల్లి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరింటికి నేను గదిలోకి వెళ్ళాను. శనివారం. మెరూన్ బొట్టు టేపు తీశాను. దాని మీద కొత్త చీటీ ఉంది. ఎర్రగా ఉంది. ఒక్క క్షణం చూశాను కూడా. చీటీలు మారడం మామూలే, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటిస్తూనే ఉంటారు. అడుగుదామంటే గదిలో ఎవరూ లేరు. గచ్చిబౌలి వైపు పోయే ఆఖరి బస్సు తప్పితే నడకే. టేపు మిషనులో పెట్టి తలుపు వేసుకుని వెళ్ళిపోయాను.

ఆదివారం బస్సు సరిగ్గా ఉండదు. కంకర లారీ ఎక్కి తొమ్మిదింటికి చేరాను. సిస్టమ్స్ సారు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తలుపులు తీశాను, ఆయన పని మొదలుపెట్టాడు. పది దాటాక మేనేజరు గారు ఫోను చేశారు. ఆయన అటునుంచి ఏమన్నారో నాకు వినపడలేదు. ఇటునుంచి మాత్రం, "అలా కాదండి, పక్కన పెట్టుకుంటేనే క్షేమమండి... సాయంత్రానికా... సరేనండి" అని వినపడింది. ఫోను పెట్టేశాక నాతో చెప్పాడు. అంత చుట్టు తిరగడం ఎందుకు, అందరికీ కొత్తదే ఇచ్చెయ్, సాయంత్రానికల్లా మొదటి ప్రోగ్రాము పంపాలి అన్నారట.

నేను గది అద్దం తుడుస్తున్నాను. కీబోర్డు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. తిరిగి చూస్తే ఆయన మెడ వెనక చెమట. ఆ గదిలో నాకెప్పుడూ చలే తప్ప చెమట పట్టింది లేదు.

"ఏమైంది సారూ?"

"తాళం చెవి లోపల పెట్టి తలుపేసుకున్నానక్కా" అన్నాడు.

జరిగింది ఇదీ. మిషనులో ప్రోగ్రాములన్నీ ఆ లైబ్రరీని ఒక పేరుతో పిలుస్తాయి. ఆ పేరు అసలు లైబ్రరీ ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమే. ఆయన ఆ గుర్తును పాతదాని మీంచి తీసేసి కొత్తదాని మీద పెడదామనుకున్నాడు. తీసేశాడు. పెట్టబోతే, పెట్టే పనిముట్టుకు కూడా ఆ లైబ్రరీయే కావాలి. అదెక్కడుందో ఇప్పుడు దానికి తెలియదు. అదొక్కటే కాదు, ఏ పనిముట్టూ కదలడం లేదు. ఫైళ్ళు చూపించేది లేదు, కాపీ చేసేది లేదు. ఏది అడిగినా తెర మీద లైబ్రరీ దొరకలేదన్న వాక్యమే వస్తోంది. తెర మీద ఆయన ఆజ్ఞలు కొట్టే ఆ ఒక్క కిటికీ మాత్రం, అంతకు ముందే లేచి ఉంది కాబట్టి, బతికి ఉంది. దాన్ని మూస్తే ఇంకోటి తెరుచుకోదు.

చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి ముఖం కడుక్కొచ్చాడు. అప్పటికి ఒక నిర్ణయానికి వచ్చినట్టున్నాడు. గొంతు తేలిగ్గా ఉంది.

"పర్లేదక్కా. ఎక్కడెక్కడ ఏం మార్చానో నాకే నమ్మకం లేదిప్పుడు. ఫ్లాపీతో మిషను లేపి, మొత్తం తుడిచేసి, నిన్నటి కాపీ ఎక్కించేస్తాను. మూడు గంటల పని. నిన్న చీటీ అంటించిన టేపు ఇలా ఇవ్వండి."

అర దగ్గరికి వెళ్ళాను. మెరూన్ బొట్టు చోటు ఖాళీగా ఉంది. ఉండదు మరి. నిన్న సాయంత్రం మిషనులో పెట్టింది నేనే కదా. ఆదివారం పొద్దున ఎవరూ తీయలేదు, అందులోనే ఉంది. బొత్తం నొక్కితే బయటికి వచ్చింది. ఎర్ర చీటీ పైకి ఉంది.

రాత్రి మిషనులో ఉన్న టేపు మీద మిషను రాస్తుంది. అది నాకు చదువు లేకుండానే తెలుసు. ఆయన మధ్యాహ్నం దాచిన మొత్తం కాపీ మీద, రాత్రి మిషను ఒక్కరోజు ముక్క రాసేసింది. ఇప్పుడు ఈ టేపులో ఉన్నది శనివారం నాడు మారిన నాలుగు ఫైళ్ళు. ఆయన దీన్ని నమ్మి మిషను తుడిచేస్తే, మిగిలేది రెండు నెలల కిందటి పాత కాపీ. నలభై మంది పిల్లల రెండు నెలల కష్టం పోతుంది.

నిజం చెప్తాను. టేపు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాకప్పుడు వచ్చిన మొదటి ఆలోచన పిల్లల కష్టం గురించి కాదు. నేను నోరు మూసుకుని ఈ టేపు ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు అన్నది. టేపులు పాడవుతూనే ఉంటాయి. దుమ్ము అంటారు, ఎండ అంటారు. కాపీ దొరక్కపోతే టేపు పాడైందనుకుంటాడు. చెప్తే మాత్రం మొదట అడిగే ప్రశ్న ఒకటే. చీటీ చూడలేదా? దానికి నా దగ్గర జవాబు ఒకటే. ఆ జవాబుతో ఏడో తరగతి పోతుంది, టేపుల పని పోతుంది, ఉద్యోగమూ పోతుంది. మా ఆయన కాలు విరిగి పది నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది.

ఆయన ఫ్లాపీ చేతిలోకి తీసుకున్నాడు. రెండో చెయ్యి మిషను స్విచ్చు వైపు వెళ్తోంది.

"ఆగుండ్రి సారూ" అన్నాను. "స్విచ్చు ముట్టకుండ్రి."

చెయ్యి ఆగింది.

"ఈ టేపు నిన్న సాయంత్రం నేను మిషన్ల పెట్టిన. రాత్రి దీని మీద మల్ల రాసింది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "చీటీ ఉంది కదక్కా దాని మీద. ఇది పెట్టకూడదని ఎర్ర ఇంకుతో రాశాను కదా."

"నాకు సదువు రాదు సారూ."

ఆయన టేపు వైపు చూశాడు, బొట్టు వైపు చూశాడు. రెండేళ్ళుగా చూస్తున్న ఆ బొట్లెందుకో ఆయనకు అప్పుడే తెలిసింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఫ్లాపీ బల్ల మీద పెట్టి, నా చేతిలోంచి టేపు తీసుకుని దాని అంచు చూశాడు. అక్కడ గోరంత పలక ఒకటి ఉంటుంది. దాన్ని పక్కకు జరిపితే ఇక ఆ టేపు మీద మిషను రాయలేదు. అది జరిపి లేదు.

"మీరు చదవలేదు. నాకు చదువొచ్చి కూడా ఇది జరపలేదు" అన్నాడు. "చీటీ రాశాను కదా, చాలనుకున్నాను."

కుర్చీలో కూలబడ్డాడు. "స్విచ్చు నొక్కి ఉంటే..." అని ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. దాని బలం అరగంట. జనరేటరు వేసే వాచ్‌మన్ ఆదివారమని అన్నానికి మాదాపూరు ఊళ్ళోకి పోయాడు. మిషను ఆగితే ఆ ఒక్క కిటికీ మూసుకుపోతుంది. ఫ్లాపీతో లేస్తుందా అంటే, కిందటి నెల అదే ఫ్లాపీ రెండుసార్లు చదవలేక మొరాయించిందట.

నేను కిందికి పరుగెత్తాను. వాచ్‌మన్ గదిలో మేకుకు తాళం చెవి వేలాడుతోంది. ఆయన జనరేటరు వేయడం వందసార్లు చూశాను, ఎప్పుడూ ముట్టుకోలేదు. మొదటిసారి తిప్పితే దగ్గి ఊరుకుంది. రెండోసారి కూడా అంతే. చెవి పట్టుకున్న చెయ్యి జారిపోతోంది. ఈ ఒక్కసారికి చేతులు నిజంగానే తడిగా ఉన్నాయి, చెమటకు. మూడోసారి అంటుకుంది.

పైకి వచ్చేసరికి ఆయన కాగితం, పెన్ను ముందు పెట్టుకుని ఉన్నాడు. కీబోర్డును దూరంగా జరిపేశాడు.

"అక్కా, ఇక్కడ కూర్చోండి. నేను ఏం చెయ్యబోతున్నానో ముందు మీకు చెప్తాను. మీకు అర్థమయ్యేదాకా నొక్కను. ఒంటరిగా నొక్కితే ఇలాగే అవుతుంది."

"నాకేం తెలుస్తది సారూ?"

"అందుకే."

ఆ గదిలో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆయన చెప్తూ పోయాడు. పాత లైబ్రరీ ఎక్కడికీ పోలేదు, దాని చోట్లోనే ఉంది. పోయింది దాన్ని చూపించే గుర్తే. దాన్ని మళ్ళీ పెట్టాలి. పెట్టే పనిముట్టు లేవడం లేదు. ఎందుకంటే ఈ మిషనులో ప్రతి పనిముట్టూ ఆ లైబ్రరీ మీదే నిలబడి ఉంది.

"అన్నీనా?" అన్నాను. "దాని మీద ఆధారపడనిది ఒక్కటి గూడ లేదా?"

నేను ఏదో తెలివిగా అడగలేదు. అన్నీ పోయాయంటే నమ్మబుద్ధి కాక అడిగాను, అంతే. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఇలాంటి అవస్థ ఎవరికో ముందే వచ్చి ఉంటుందనీ, అట్లాంటప్పటి కోసం గుర్తులు పెట్టడానికి, ఏ లైబ్రరీ అక్కర్లేని చిన్న పనిముట్టు ఒకటి చేసి పెట్టారని ఎక్కడో చదివాననీ నెమ్మదిగా అన్నాడు. మన మిషనులో అది ఉందో లేదో గుర్తు లేదన్నాడు. ఫైళ్ళు చూపించేది పనిచెయ్యదు కాబట్టి, ఆ కిటికీ తనలో తానే అచ్చు వేయగల చిన్న మాట ఒకటి వాడి ఫోల్డరులో పేర్లు బయటికి రప్పించాడు. తెర నిండా పేర్లు పడ్డాయి. ఆయన వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి దిగింది. నేను ఆయన వేలునే చూస్తున్నాను. తెర మీద చూసి నాకేం లాభం. మూడో వరసలో వేలు ఆగింది.

ఉంది.

వెంటనే కొట్టలేదు. కాగితం మీద రాసుకున్నాడు, రెండుసార్లు చదువుకున్నాడు, నాకు చెప్పాడు. పాత లైబ్రరీ వైపే గుర్తు పెడుతున్నాను అన్నాడు.

"కొత్తదాని దిక్కు గాదు గదా?"

"కాదక్కా. పాతదానికే. ముందు ఇల్లు నిలబడాలి."

"ఏదన్న తీసేస్తున్నరా?"

"ఏదీ తీయట్లేదు. పెట్టడమే."

"అయితే నొక్కుండ్రి."

నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ పోయిందనుకున్నాను. ఏమీ రాకపోవడమే మంచిదట. తర్వాత ఫైళ్ళు చూపించేదాన్ని పిలిచాడు. ఇప్పుడు పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని కాసేపు అట్లాగే ఉండిపోయాడు. నేను చూడనట్టు గోడ వైపు తిరిగాను.

మధ్యాహ్నం మిగతా పని మొదట అనుకున్నట్టే చేశాడు. కొత్త లైబ్రరీని పక్కన వేరే ఫోల్డరులో పెట్టి, కొత్త కంపైలరుకు మాత్రం దాని దారి చూపించాడు. పాతదాన్ని తాకలేదు. రెండో కిటికీ తెరిచి పక్కన ఉంచుకున్నాడు, ఒకటి పోతే ఒకటి ఉండాలని. పాత ప్రోగ్రాములు పాతదానితో, కొత్తది కొత్తదానితో నడిచాయి. మొదటి ప్రోగ్రాము అయిదింటికి వెళ్ళింది. మళ్ళీ మొత్తం కాపీ తీసి, ఈసారి పలక జరిపి, అది జరిగి ఉండటం నా వేలితో తాకించి చూపించాడు.

వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి అన్నాడు. "ఆలస్యమెందుకైందని మేనేజరు గారు అడిగితే టేపు పాడైందని ఫోనులో చెప్పేశానక్కా. మీ సంగతి నా దగ్గరే ఉంటుంది. మీరు పరేషాన్ అవ్వకండి." పరేషాన్ అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నా కోసం మా మాట వాడాడు.

దండం పెట్టి వచ్చేశాను. దారంతా ప్రాణం తేలిగ్గానే ఉంది. అన్నం తిన్నాను, మా ఆయన కాలికి నూనె రాశాను. పడుకున్నాక మాత్రం ఆ అరలోని టేపులు కళ్ళ ముందు నిలబడ్డాయి. ప్రతిదాని మీద చీటీ ఉంది. రేపు సాయంత్రం ఆరింటికి మళ్ళీ నేనే వెళ్తాను. ఎవరో ఏదో రాసి ఉంటారు, రాశాం కదా చాలనుకుని వెళ్ళిపోతారు. ఈసారి తుడవబోయే చెయ్యి పక్కన నేను ఉండకపోవచ్చు. రాసినవాళ్ళు చదివేవాళ్ళను నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నేను రెండేళ్ళుగా ఊరికే తీసుకుంటున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే వెళ్ళి మేనేజరు గారి గది ముందు నిలబడ్డాను. ఆయన రాగానే వెనకాలే లోపలికి వెళ్ళాను.

"ఏంటమ్మా?" అన్నారు బ్యాగు పెడుతూ.

"టేపు పాడు గాలే సారూ. నేనే తప్పు టేపు పెట్టిన. చీటీ సదవనీకె నాకు రాదు."

"ఫారంలో ఏడో క్లాసని ఉందే?"

"ఆ ఫారం నేను రాయలే. రాసినాయిన ఏడు అంటే ఊకున్న. తప్పు నాదే. సిస్టమ్స్ సారు నన్ను కాపాడనీకె గట్ల చెప్పిండు. ఆయన్ని ఏమనకుండ్రి."

మేనేజరు గారు బల్ల మీది ఫోను వైపు చూశారు. సాయంత్రానికల్లా కావాలని తొందరపెట్టిన ఫోను ఆయనకూ గుర్తొచ్చిందేమో, నాకు తెలియదు. చివరికి, "సరే, వెళ్ళి పని చూసుకోండి. ఫారం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. అప్పటిదాకా నన్ను నువ్వు అనేవారు. ఆ తర్వాత నేను పని మానేసేదాకా ఆ మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

తిన్నగా మిషను గదికి వెళ్ళాను. సిస్టమ్స్ సారు అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. మేనేజరు గారి దగ్గర ఒప్పుకున్నానని చెప్తే తల ఊపాడు. అర తెరిచి టేపులన్నీ బల్ల మీద పరిచాను.

"ఒక్కొక్కటి చదివి చెప్పుండ్రి సారూ. ఏది ఏందో నాకు నోటికి రావాలె."

సోమవారం అన్నాడు. మంగళవారం అన్నాడు. రెండూ నేననుకున్నవే. మూడోది చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద ఒకదాని పక్కన ఒకటి రెండు చీటీలున్నాయి. రెండోది రంగు వెలిసిపోయింది. ఆయనకు ముందు ఆ ఉద్యోగం చేసినాయన చేతిరాత. సిస్టమ్స్ సారు దాన్ని లోలోపల చదువుకుని నా వైపు చూశాడు.

"ఏమున్నది?"

"ఈ టేపు పాడైపోయింది, వాడొద్దు అని."

రెండేళ్ళుగా ప్రతి బుధవారం సాయంత్రం ఆరింటికి నేను మిషనులో పెడుతున్న టేపు అది. ఆయన చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో వేసి, నాలుగోది అందించాను.